రాక్షసుడు ఏ రకం?

రావణుడు బ్రహ్మను అడిగిన వరంలో ఒక పట్టీ ఉంది. సుపర్ణులు, నాగులు, యక్షులు, దైత్యులు, దానవులు, రాక్షసులు, దేవతలు. వీళ్ళలో ఎవరి చేతిలోనూ తనకు చావు రాకూడదన్నాడు. నరులను మాత్రం పట్టీలో చేర్చలేదు; వాళ్ళు తనకు గడ్డిపోచతో సమానమన్నాడు. ఆ ఖాళీలోంచే రాముడు వచ్చాడు.

ఈ వరం పనిచేయాలంటే ముందు లోకంలోని ప్రాణులన్నీ రకాలుగా విడిపోయి ఉండాలి. ఎదురొచ్చినవాడు ఏ రకమో తేలితేనే వరం అతన్ని ఆపుతుందో లేదో తేలుతుంది. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే కాల్పనిక కథల ఆటలు సరిగ్గా ఈ పునాది మీదే నడుస్తాయి. రామాయణ భాగవతాలు వింటూ పెరిగినవాళ్ళకు వాటి నియమాలు కొత్తగా ఉండవని నా నమ్మకం.

ఈ ఆటలన్నిటికీ మూలం డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు: యోధుడు, మాంత్రికురాలు, పూజారి, దొంగ. ఏం చేయదలిచారో నోటితో చెబుతారు. అది కుదిరిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. దారిలో ఎదురయ్యే ప్రాణుల వివరాలకు 'మాన్‌స్టర్ మాన్యువల్' అనే పుస్తకం ఉంటుంది. ఆ పేరుతో మొదటిది 1977లో వచ్చింది. ఇప్పటి కూర్పుల్లో ఏ పుట తిప్పినా ప్రాణి పేరు కింద వాలు అక్షరాల్లో ఒక చిన్న వరుస కనిపిస్తుంది: పరిమాణం, రకం, కొన్నిటికి పక్కనే ఉపరకం, చివర నడత. బొమ్మ చూసి మురిసిపోయే కొత్త ఆటగాడు ఆ వరుసను దాటేస్తాడు. అనుభవం ఉన్నవాడు ముందు దాన్నే చదువుతాడు.

2014 నాటి అయిదో కూర్పులో రకాలు 14. మామూలు జంతువులు బీస్ట్‌లు. మనుషులు, ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు హ్యూమనాయిడ్‌లు. దివ్యలోకాలవాళ్ళు సెలెస్టియల్‌లు, నరకలోకాలవాళ్ళు ఫీండ్‌లు, చచ్చి లేచినవి అన్‌డెడ్. వీటికి తోడు డ్రాగన్‌లు, జెయింట్‌లు, వనదేవతల్లాంటి ఫే, పంచభూతాల నుంచి పుట్టిన ఎలిమెంటల్‌లు, మంత్రంతో కదిలే బొమ్మలైన కన్‌స్ట్రక్ట్‌లు, మొక్కలు, జిగురు ముద్దలైన ఊజ్‌లు, ఏ లోకానికీ పొసగని అబరేషన్‌లు, ఇందులో దేనిలోనూ ఇమడని వింత మృగాల కోసం మాన్‌స్ట్రాసిటీ.

ఈ రకం వల్ల ఆటలో ఏం తేడా వస్తుందో ఒక్క మంత్రం దగ్గర చూద్దాం. 'హోల్డ్ పర్సన్' రెండో స్థాయి మంత్రం. తగిలినవాడు కొయ్యబారిపోతాడు, అయిదడుగుల లోపల నిలబడి వాణ్ణి కొట్టగలిగితే ఆ దెబ్బ మామూలు దెబ్బ కాదు, పాచికలు రెట్టింపవుతాయి. దారిదోపిడీ ముఠా నాయకుడి మీద మాంత్రికురాలు దీన్ని వేసిందంటే సగం యుద్ధం ముగిసినట్టే. అదే మంత్రం పక్కనే దుడ్డుకర్ర పట్టుకున్న ఓగర్ మీద వేస్తే ఏమీ జరగదు. ఓగర్‌కీ ఒక తల, రెండు చేతులు, రెండు కాళ్ళు. మాట్లాడుతుంది కూడా. కానీ దాని వరుసలో 'జెయింట్' అని రాసి ఉంది, మంత్రంలో 'హ్యూమనాయిడ్' అని రాసి ఉంది. ఓగర్‌ను ఆపాలంటే 'హోల్డ్ మాన్‌స్టర్' కావాలి. అది అయిదో స్థాయి మంత్రం, నేర్చుకునేసరికి పాత్ర చాలా దూరం నడిచి ఉండాలి. అది కూడా అన్‌డెడ్ మీద పనిచేయదు.

ఈ రెండు మంత్రాల మధ్య తేడాలోనే అసలు కిటుకు ఉంది. రెండూ చేసేది ఒకే పని. ఒకటి 14 రకాల్లో ఒక్కదాన్నే తాకుతుంది కాబట్టి చవక, రెండోది దాదాపు అన్నిటినీ తాకుతుంది కాబట్టి ఖరీదు. అంటే రకం అనేది ప్రాణిని వర్ణించడానికి పెట్టింది కాదు. ఏ నియమం దాన్ని తాకుతుంది, ఏది తాకదు అని తేల్చడానికి పెట్టింది. కథ చెప్పేవాడికి ఓగర్ ఎలా ఉంటుందో కావాలి. ఆట కట్టేవాడికి ఓగర్ మీద ఏది పనిచేస్తుందో కావాలి.

పాత కూర్పుల్లో రకం ఇంకా బరువైన పని చేసేది. 2000లో వచ్చిన మూడో కూర్పు, 2003లో దాని సవరణ రకాన్ని ప్రాణికి ఎముకల గూడులా వాడుకున్నాయి. ఎన్ని ముఖాల పాచికతో ప్రాణబలం లెక్కించాలి, దెబ్బ ఎంత సూటిగా తగులుతుంది, ఎన్ని విద్యలు వస్తాయి, అన్నీ రకం నుంచే. ఫే అయితే 6 ముఖాల పాచిక, డ్రాగన్ అయితే 12. అన్‌డెడ్‌కు దేహదారుఢ్యం అనే అంకె ఉండదు, అక్కడ ఒక గీత ఉంటుంది. విషం ఎక్కదు, రోగం రాదు, నిద్ర మంత్రం పారదు. గాయాలు మాన్పే మంత్రం వేస్తే అన్‌డెడ్‌కు కొత్త గాయమవుతుంది! ప్రాణశక్తి దానికి విషం లాంటిది కాబట్టి. పూజారి పాత్ర వేసిన కుర్రవాడు ఒక శవాన్ని చేత్తో తాకి, వైద్యం చేసి కూల్చేశాడంటే ఆ మజా ఈ నియమం ఇచ్చిందే. 2014 కూర్పులో ఇది మెత్తబడింది. వైద్యం అన్‌డెడ్‌కు తగలదు, అంతే. నాకు పాతదే ఇష్టం.

ఉపరకాలు ఎందుకు వచ్చాయో ఆ మూడో కూర్పులోనే స్పష్టంగా కనిపిస్తుంది. అందులో రేంజర్ అనే అడవి వేటగాడు ఒక రకాన్ని 'ఆగర్భ శత్రువు'గా ఎంచుకోవచ్చు. ఆ రకం ఎదురైతే అతని దెబ్బకు అదనపు బలం. డ్రాగన్ అని ఎంచుకుంటే సరే. హ్యూమనాయిడ్ అంటే కుదరదు. లోకంలో సగం జనం మీద అదనపు బలం వచ్చేస్తుంది. అందుకని హ్యూమనాయిడ్‌లోనూ, పరలోకవాసులైన ఔట్‌సైడర్‌లోనూ ఉపరకం కూడా చెప్పమన్నారు: గోబ్లిన్ తెగా, ఓర్క్‌లా, ఎల్ఫ్‌లా? రకం మరీ వెడల్పయిన చోట ఉపరకం గోడ కడుతుంది.

మరో జాతి ఉపరకాలు గోడ కట్టవు, అడ్డంగా పరుచుకుంటాయి. 'అగ్ని' అనే ఉపరకం డ్రాగన్‌కు ఉండొచ్చు, జెయింట్‌కు ఉండొచ్చు, ఎలిమెంటల్‌కూ ఉండొచ్చు. ఎవరికి ఉన్నా ఫలితం ఒకటే: నిప్పు అంటదు, చలి దెబ్బ మాత్రం ఒకటిన్నర రెట్లు తగులుతుంది. ఈ ముగ్గురికీ రక్తసంబంధం ఏమీ లేదు.

ఇక్కడే జీవశాస్త్రంలోని వర్గీకరణకూ ఈ ఆటల వర్గీకరణకూ దారులు వేరవుతాయి. లిన్నేయస్ 1758 నాటికి జంతువులను పెట్టెలో పెట్టె అన్నట్టు అమర్చాడు. డార్విన్ తర్వాత ఆ పెట్టెలు వంశవృక్షానికి కొమ్మలని తేలింది. ఒక ప్రాణి ఒక కొమ్మ మీదే ఉంటుంది. కానీ సూర్యాపేట జిల్లా గరిడేపల్లి చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల్లో రాత్రిపూట నీళ్ళు కట్టే రైతుకు పాముల వంశవృక్షం అవసరం లేదు. నాగుపాము, కట్లపాము ఒక కుటుంబం. రక్తపింజరి, చిన్న పింజరి మరో కుటుంబం. మొదటి రెండింటి విషం నరాల మీద, తర్వాతి రెండింటిది రక్తం మీద పనిచేస్తుంది. మన దేశంలో ఆసుపత్రుల్లో ఇచ్చే విషహర మందు మాత్రం ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసినది. ఆ మందు సీసా దృష్టిలో ఈ నాలుగూ ఒక రకం, జెర్రిపోతూ నీరుకట్టే ఆ రకం బయట. రెండు కుటుంబాలను అడ్డంగా కోసి కట్టిన ఈ గుంపు ఏ వంశవృక్షంలోనూ కనిపించదు. అయినా ప్రాణం నిలబెట్టేది ఇదే. ఆటలోని రకాలు ఈ రెండో తరహావి. మంత్రాన్నో ఆయుధాన్నో ముందు పెట్టుకుని కట్టిన గుంపులు.

ఇప్పుడు మన రాక్షసుడి దగ్గరికి వద్దాం. అతను ఈ ఆటలోకి చాలా తొందరగా వెళ్ళాడు. 1975 డిసెంబరులో 'ది స్ట్రాటజిక్ రివ్యూ' పత్రికలో, తర్వాత 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో చేరాడు. డేవిడ్ ట్రాంపియర్ గీసిన బొమ్మలో పులి తల, దొరల ఇంటి కోటు, చేతిలో పొగగొట్టం. ఎదుటివాడు నమ్మే మనిషి రూపంలో కనిపిస్తాడు. మంత్రపూతమైన బాణం ఒక్కటి తగిలితే చస్తాడు. ఈ రెండు లక్షణాలూ వాల్మీకి దగ్గర వెతికితే దొరకవు. 1974 డిసెంబరులో అమెరికా టీవీలో వచ్చిన 'కోల్చాక్' ధారావాహికలో రాక్షసుడి కథ ఒకటుంది. నమ్మినవారి రూపమూ, మంత్రించిన బాణమూ అక్కడ ఉన్నాయి. మన పురాణ పాత్ర ఒక టీవీ కథ మీదుగా ఆటలోకి చేరిందన్నమాట. మారీచుడు బంగారు లేడి అయ్యాడు, శూర్పణఖ అందగత్తె అయింది కాబట్టి రూపం మార్చడం వరకు మనదే అనుకోవచ్చు. పులి తల మాత్రం మనది కాదు.

బొమ్మ కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అతని వరుసలోని మాట. 2003 సవరణలో రాక్షసుడి రకం ఔట్‌సైడర్, ఉపరకం 'నేటివ్'. మామూలు ఔట్‌సైడర్‌లు పరలోకాలవాళ్ళు, వాళ్ళకు తిండీ నిద్రా అక్కర్లేదు. చచ్చినవాళ్ళను బతికించే మామూలు మంత్రాలు వాళ్ళ మీద పారవు. 'నేటివ్' అనే ఉపరకం తగిలిస్తే ఈ రెండూ తిరగబడతాయి. అతను తినాలి, నిద్రపోవాలి. చస్తే అందరిలాగే బతికించవచ్చు. దీన్ని చదివి కుంభకర్ణుణ్ణి తలుచుకోండి. ఆరు నెలల నిద్ర, లేవగానే గుట్టలకొద్దీ మాంసం. ఏకచక్రపురంలో బండెడు అన్నం కోసం ఎదురుచూసే బకాసురుడిని తలుచుకోండి. మన రాక్షసులు భూమి మీదివాళ్ళు. లంకలో ఉంటారు, దండకారణ్యంలో ఉంటారు, ఆకలేస్తుంది, చెల్లెలికి అవమానం జరిగితే కోపం వస్తుంది. పులి తలను ఎలా తెచ్చుకున్నారో గానీ, ఆ ఒక్క ఉపరకంతో ఆట కట్టినవాళ్ళు రాక్షసుడి స్వభావాన్ని సరిగ్గా పట్టుకున్నారు.

2014లో అది పోయింది. రాక్షసుడు నేరుగా ఫీండ్ అయ్యాడు. నరకం బయట ఎక్కడ చంపినా అతని అసలు సారం నరకానికి తిరిగి వెళ్ళి మళ్ళీ పుడుతుంది. ఆటగా చూస్తే బాగుంది, పగబట్టి తిరిగొచ్చే శత్రువు దొరుకుతాడు. కానీ రాక్షసుణ్ణి నరకవాసిని చేయడం నాకు ఒప్పుదల కాదు. మన కథల్లో నరకం యముడిది. అక్కడ శిక్షించేది యమభటులు.

నాగులది ఇంకా విచిత్రమైన దారి. మూడో కూర్పులో వాళ్ళు అబరేషన్‌లు, అంటే లోకానికి పొసగని వికృతులు. 2014లో మాన్‌స్ట్రాసిటీ. 2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఇల్లు విడిపోయింది: కాపలా కాసే గార్డియన్ నాగ సెలెస్టియల్, చెడ్డ స్పిరిట్ నాగ ఫీండ్, ఎముకల నాగ ఎప్పట్లా అన్‌డెడ్. ఒకే పేరుతో మూడు రకాలు. సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి అనే బౌద్ధ క్షేత్రం ఉంది. అక్కడి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ట్రీ అండ్ సర్పెంట్' ప్రదర్శనకు వెళ్ళివచ్చాయి. తొలి బౌద్ధ శిల్పంలో చెట్టుకూ పాముకూ ఉన్న చోటును చూపించడానికే పెట్టిన ప్రదర్శన అది. అమరావతి శిల్పాల్లో రామగ్రామ స్తూపాన్ని చుట్టుకుని కాపాడుతున్నది నాగులే. బుద్ధుడికి వానలో పడగ పట్టిన ముచిలిందుడూ నాగుడే. తక్షకుడు మరోవైపు ఉన్నాడు. అంటే నాగులందరినీ ఒకే నడత కింద కట్టలేమని కృష్ణా తీరపు శిల్పులకు ఎప్పుడో తెలుసు. ఆట అక్కడికి 2025లో చేరింది.

మన దయ్యాలలో ఆటకు పెద్ద పరీక్ష పెట్టేది బ్రహ్మరాక్షసుడు. వేదం చదివి, తప్పు చేసి, చచ్చాక రాక్షసుడై చెట్టు పట్టుకున్నవాడు. చచ్చి లేచాడు కాబట్టి అన్‌డెడ్ అనాలా? రాక్షసుడు కాబట్టి ఫీండ్ అనాలా? పాలడిన్ అనే ధర్మయోధుడి దివ్యప్రహారం ఈ రెండు రకాల మీదా అదనపు పాచిక వేస్తుంది కాబట్టి అతనికి తేడా లేదు. పూజారికి ఉంది. పూజారి చేతిలో అన్‌డెడ్‌ను తరిమే శక్తి ఉంటుంది. 2014 కూర్పులో పై స్థాయికి వెళ్ళాక బలహీనమైన అన్‌డెడ్ ఆ దెబ్బకు బూడిదయ్యేవి. ఇక కైశిక మాహాత్మ్యం గుర్తు తెచ్చుకోండి. విష్ణుభక్తుడైన నంబాడువాన్‌ను బ్రహ్మరాక్షసుడు అడ్డగించి తింటానంటాడు. గుడికి వెళ్ళి పాడి తిరిగొస్తానని మాటిచ్చి వెళ్ళిన భక్తుడు నిజంగానే తిరిగొస్తాడు. చివరికి అతని పాట పుణ్యం ధారపోస్తేనే బ్రహ్మరాక్షసుడికి విముక్తి. తిరుమలలో ఏటా కైశిక ద్వాదశి జరిపేది ఈ కథను తలుచుకునే. బ్రహ్మరాక్షసుణ్ణి అన్‌డెడ్ అని రాసిన క్షణంలో ఈ కథ బల్ల మీద జరగకుండా పోతుంది. ఎవడో పూజారి చెయ్యెత్తుతాడు, బ్రహ్మరాక్షసుడు పారిపోతాడు, ఇక మాటా లేదు పాటా లేదు. నేనైతే ఫీండ్ అని రాస్తాను. అప్పుడు ఆటగాళ్ళు అతనితో మాట్లాడక తప్పదు.

గరిడేపల్లి నుంచి హుజూర్‌నగర్ మీదుగా కృష్ణ ఒడ్డుకు వెళ్తే మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి. ఈ రకాల లెక్కంతటికీ గట్టి సవాలు ఆ మూర్తిలోనే ఉంది. హిరణ్యకశిపుడి వరం రావణుడి వరం కన్నా చాలా తెలివైనది. రావణుడు జాతుల పేర్లు చెప్పి వదిలేశాడు. ఇతను నరుల చేతా మృగాల చేతా వద్దన్నాడు, దేవతలూ అసురులూ నాగులూ వద్దన్నాడు, దాని మీద కాలం, చోటు, ఆయుధం అన్నీ మూసేశాడు. ఆట భాషలో చెబితే రకాలన్నిటి నుంచీ రక్షణ, పైగా పరిస్థితుల నుంచి కూడా. ఇప్పటి నియమాల ప్రకారం ఒక ప్రాణికి ఒకే రకం ఉండాలి. నరసింహుడికి ఆ వరుసలో ఏం రాస్తారు? హ్యూమనాయిడ్ అంటే వరం ఆపుతుంది, బీస్ట్ అన్నా ఆపుతుంది. సెలెస్టియల్ అంటే దేవతల మాట దగ్గర ఆపుతుంది. భాగవతంలో జవాబు ఆ వరం మొదటి మాటలోనే ఉంది: 'నీవు సృష్టించిన ప్రాణుల వల్ల' అని బ్రహ్మతో అన్నాడు. పట్టీ ఎంత పొడుగైనా అది బ్రహ్మ సృష్టి పట్టీ. విష్ణువు ఆ పట్టీలో ఏ రకమూ కాదు.

ఒకటికి మించిన రకాలు కావాలన్న కోరిక ఆట కట్టినవాళ్ళకూ కలిగింది. 2008 నాలుగో కూర్పు ప్రతి ప్రాణికీ పుట్టుక ఒకటి, శరీరం తీరు ఒకటి విడివిడిగా రాసింది. అయిదో కూర్పు దాన్ని వదిలేసి ఒకే రకానికి తిరిగి వెళ్ళింది. 2025లో గోబ్లిన్‌లను హ్యూమనాయిడ్‌ల నుంచి తీసి ఫేలో, కోబోల్డ్‌లను డ్రాగన్‌లలో వేసింది. దాంతో ఏళ్ళ తరబడి గోబ్లిన్‌ల మీద వాడుతున్న హోల్డ్ పర్సన్ ఒక్కరోజులో పనికిరాకుండా పోయింది.

తెలుగులో ఇలాంటి ఆట కట్టాలనుకునేవాళ్ళు ఈ 14 రకాలనూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. పాతకాలపు బడుల్లో పిల్లలు వల్లెవేసిన అమరకోశం విద్యాధరుల నుంచి భూతాల దాకా పది తెగలను ఒకే దేవయోని కింద చేర్చింది. అప్సరసలూ రాక్షసులూ పిశాచాలూ అక్కడ ఒకే రకం, వేర్వేరు ఉపరకాలు. అసురులు అందులో లేరు, వాళ్ళకు విడిగా చోటుంది. కింది ప్రాణులకు పుట్టుకను బట్టి నాలుగు రకాలు ఉండనే ఉన్నాయి: గర్భం, గుడ్డు, చెమట, మొలక. ఈ రెండు పట్టికలూ కలిపితే ఆటకు కావలసిన చట్రం తయారు. పైన కావలసింది మన కథల నుంచి తీసిన ఉపరకాలు.

అందులో నేను మొదట చేర్చేది ఘటోత్కచుడి కోసం. భీముడికీ హిడింబికీ కొడుకు. 2003 నియమాల్లో ఇలాంటివాడికి మంచి ఏర్పాటు ఉంది: రకం ఔట్‌సైడర్‌గా మారుతుంది, దాని పక్కన 'నేటివ్' అనీ, 'ఆగ్మెంటెడ్ హ్యూమనాయిడ్' అనీ ఉపరకాలు పడతాయి. తల్లి వైపు లక్షణాలు వస్తాయి, తండ్రి వైపు పునాది చెరిగిపోదు. హోల్డ్ పర్సన్ అతన్ని ఆపలేదు. 1957 'మాయాబజార్'లో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు శశిరేఖగా మారిపోయినదాన్ని బట్టి రూపం మార్చే ఉపరకమూ ఇవ్వాలి. కానీ మహాభారతంలోని ఘటోత్కచుడికి కావలసిన మాట ఆ పుస్తకాల్లో లేదు: నిశాచరుడు. చీకటి పడగానే బలం రెట్టింపయ్యే ఉపరకం. కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు సైంధవుడు చచ్చాక యుద్ధం ఆగలేదు, కాగడాలు వెలిగించి రాత్రి కూడా సాగింది. ఆ చీకట్లో ఘటోత్కచుడు కౌరవసేనను ఊచకోత కోస్తుంటే తట్టుకోలేక అందరూ కర్ణుడి మీద పడ్డారు. కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుడి దగ్గర తెచ్చుకున్న శక్తిని, ఒక్కసారే వాడగల ఆ ఆయుధాన్ని, అర్జునుడి కోసం అన్నాళ్ళు దాచుకున్న కర్ణుడు ఆ రాత్రి ఘటోత్కచుడి మీద విసిరేశాడు. అదే పోరు పగలు జరిగుంటే శక్తి కర్ణుడి దగ్గరే ఉండేది.